అడ్మినన్న వంశవృక్షం

పెళ్లి పందిట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో గుక్క తిప్పుకోకుండా చెప్పే పెద్దాయన ఊరికొకరు ఉండేవారు. ఆ జాతి అంతరించిపోయిందని బెంగపడేవాళ్లకి ఓ శుభవార్త. అది కూకట్‌పల్లి హాస్టల్లో, పై మంచం మీద, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని క్షేమంగా ఉంది. వయసు ఇరవై ఆరు. పేరు అడ్మినన్న.

అడ్మినన్న పగలు ఓ కంపెనీలో కస్టమర్ల ఫిర్యాదులు క్లోజ్ చేస్తాడు. రాత్రి పదిన్నరకి తన సర్వర్ తెరుస్తాడు. ఆట జీటీఏ ఫైవ్, 2013లో వచ్చింది. ఒంటరిగా ఆడితే కార్లు కొట్టేయడం, కాల్చడం, పారిపోవడం. అదే ఫైవ్‌ఎం అనే అదనపు సాఫ్ట్‌వేర్ మీద పదిమందీ ఒకే నగరంలోకి దిగి, ఒకడు పోలీసు, ఒకడు మెకానిక్కు, ఒకడు ట్యాక్సీవాడుగా వేషం కట్టి మాట్లాడుకుంటే రోల్‌ప్లే. ముద్దుగా ఆర్పీ. వేషంలో ఉండి మాట్లాడితే ‘ఐసీ’, వేషం తీసి మాట్లాడితే ‘ఓఓసీ’. వేషం మధ్యలో అసలు మనిషి బయటపడ్డాడో, ‘ఫెయిల్ ఆర్పీ’ కింద వార్నింగు.

ఆటలో ముందు నుంచే ‘ఫ్యామిలీస్’ అనే ముఠా ఉంది. వాళ్లది ఆకుపచ్చ, బల్లాస్ వాళ్లది ఊదా, వాగోస్ వాళ్లది పసుపు. ప్రపంచమంతా ఆ రంగులతో సరిపెట్టుకుంది. అడ్మినన్నకి చాల్లేదు. ముఠాలో ఎవడైనా చేరతాడు, ఎవడైనా పోతాడు, అదేం బతుకు? ఇంటిపేరుండాలి, పెద్దదిక్కుండాలి. అలా కోటవారు, రేవువారు, బండివారు వెలిశారు. వారి వెంట, అందరూ కబుర్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో నిబంధనావళి వెలిసింది. అందులో అచ్చుతప్పులు దిద్దిపెట్టినందుకు నాకు ‘ఆస్థాన విద్వాన్’ ఇచ్చారు. నాకు ఆట రాదు. ఆ బిరుదుకి ఆట రావాలని నిబంధన లేదు.

ఇంటిపేరు ముందు, పేరు వెనక. కుటుంబానికి కనీసం అయిదుగురు, ఒక్కరు తగ్గినా కుటుంబం రద్దు. సినిమా హీరోల ఇంటిపేర్లు నిషేధం. ‘స్టార్’తో ముగిసే బిరుదులూ నిషేధం, అలాంటి ఒక్క బిరుదు మూలంగా లోగడ మూడు రాత్రులు నగరంలో పోలీసులు, దొంగలు కలిసి పని మానేసి హీరోల కలెక్షన్లు తవ్వుకున్నారు. పేరు చివర కులం తోక ఉండరాదు. దీనికి మాత్రం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను. ఇక ఆర్పీ లోకమంతటా ‘న్యూ లైఫ్ రూల్’ ఒకటుంది: చచ్చి ఆస్పత్రిలో లేచినవాడు తనని ఎవరు చంపారో మరిచిపోవాలి. దానికి అడ్మినన్న కలిపిన ముక్క: ‘ఇంటిపేరు మాత్రం మరవరాదు.’

కోట కార్తీక్, రేవు సింధు అనే ఇద్దరు ట్యాక్సీలో తిరిగి తిరిగి పెళ్లి చేసుకుంటామన్నారు. ఇళ్లు వేరు కాబట్టి అభ్యంతరం లేదు. అయితే పెళ్లయ్యాక ఎవరి ఇంటిపేరు ఎవరికి? సింధు సూటిగా చెప్పింది. ‘మా ఇంట్లో సరిగ్గా అయిదుగురం. నేను గడప దాటితే నలుగురవుతారు, కుటుంబం ఎగిరిపోతుంది. కాబట్టి అబ్బాయే ఇల్లరికం రావాలి.’ కోటవారు భగ్గుమన్నారు. మా ఇంటి కుర్రాడు ఇల్లరికమా? అదీ పోయి పోయి రేవువాళ్లింటికా? హార్బర్ దగ్గర ఒక్క గోడౌను లేదు వాళ్లకి! ఎనిమిది నెలల క్రితం అడ్మినన్న పళ్లు తోముకుంటూ అనుకున్న ఇంటిపేర్లు ఇవి. వాటికి అప్పుడే పరువూ, అంతస్తూ, ‘మా తాతల నాటి నుంచీ’ అనే మాటా వచ్చేశాయి. కులం తోక కోసేస్తే అది ఇంకోచోట మొలుస్తుందని ఆ రాత్రి వాయిస్ చానల్లో కళ్లారా, అంటే చెవులారా, తెలుసుకున్నాను.

పంచాయితీ ఇక్కడ రాత్రి పదిన్నరకి, డాలస్ శాఖవారికి మధ్యాహ్నం పన్నెండుకి. కోటవారి పెద్దదిక్కు, నగరమంతా ‘పెదనాన్నగారూ’ అని పిలిచే కోట భూపతి, బెజవాడలో బీటెక్ ఫస్టియర్. ఆయనకి ‘నాన్నగారూ, తమరెలా అంటే అలా’ అని విన్నవించే పెద్దకొడుకు డాలస్‌లో లంచ్ బ్రేకులో ఉన్న ఇద్దరు పిల్లల తండ్రి. పెదనాన్నగారు గొంతు బొంగురు చేసుకుని, ‘మన ఇంటి గడపకి ఒక మర్యాదుంది...’ అని ఎత్తుకున్నారో లేదో, మైకులోంచి ఆడగొంతు ఖణేల్మంది. ‘ఒరేయ్, ఆ ల్యాబ్ రికార్డు మీ నాన్న రాస్తాడట్రా? ఆపు ఆ గోల!’

చానల్ నిశ్శబ్దం. నవ్వితే ఫెయిల్ ఆర్పీ. ఎవరూ నవ్వలేదు. డాలస్ కొడుకు చటుక్కున, ‘నాన్నగారూ, లోపల నానమ్మగారు పిలుస్తున్నట్టున్నారు’ అని సర్దేశాడు. వేషం నిలబెట్టినందుకు ఆయనకి అక్కడికక్కడే ‘కులదీపక’ ప్రకటించారు. మర్నాటికి నిబంధనావళిలో కొత్త వాక్యం చేరింది: ‘రక్తసంబంధీకుల గొంతు వినపడినచో మొదటిసారి హెచ్చరిక.’

అడ్మినన్న సొంత రక్తసంబంధీకుల సంగతీ చెప్పాలి. వాళ్లమ్మ ఫోన్ చేసి, మేనమామ కూతురి పెళ్లికి రమ్మంటే, ‘ఆ వారం రిలీజుందమ్మా’ అంటాడు. ఆ అమ్మాయి పేరు చెప్పమంటే కాస్త ఆలోచించుకోవాలి. బండివారి దత్తపుత్రుడు ఏ తారీఖున ఏ ఇంటి నుంచి వచ్చాడో మాత్రం నిద్రలో అడిగినా చెబుతాడు.

బిరుదులు మళ్లీ వేరే ఖాతా. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప బిరుదులేవీ ఇవ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం చేతులు కట్టేసింది. అందుకే మన తరానికి కొత్త రావుబహద్దూర్లు లేరు. రాష్ట్రపతికి లేని ఆ వెసులుబాటు పై మంచం మీద ఉంది. డిస్కార్డ్‌లో బిరుదంటే ఒక రోల్, రోల్‌కి ఓ రంగు, రోల్స్‌కి ఒకదాని కింద ఒకటిగా వరస. ఎవరి రోల్ పైనుంటే వాళ్లదే పెత్తనం. పేరు పక్కన కిరీటం బొమ్మ రావాలంటే సర్వర్‌కి ఏడు బూస్ట్‌లు పడాలి, వాటికి డబ్బు కట్టాలి. రెండు బూస్ట్‌లు వేసినవాడు ‘దానకర్ణ’, మూడు వేసినవాడు ‘అపర కుబేర’. శ్రీనాథుడికి కనకాభిషేకం రాజుగారు చేయించారు. ఇక్కడ పుచ్చుకునేవాడే కనకం తెచ్చుకోవాలి.

అయినా పెద్ద బిరుదులకి చోటు చాలదు. డిస్కార్డ్‌లో పేరుకి 32 అక్షరాలే హద్దు, అదీ యంత్రం లెక్కన. ఒత్తు, పొల్లు, గుడి, కొమ్ము దేనికదే విడిగా పద్దు పడుతుంది. ‘సాహితీసమరాంగణసార్వభౌముడు’ 24, ‘శ్రీకృష్ణదేవరాయలు’ 17, మధ్యలో ఖాళీ ఒకటి, వెరసి 42. రాయలవారే దిగివచ్చినా పది అక్షరాలు గుమ్మం బయట విడిచి రావాలి. అందుకే మా సర్వర్లో సార్వభౌములందరూ ‘సార్వభౌ’ దగ్గర ఆగిపోయి ఉంటారు.

పెళ్లి తగువు మాత్రం తెగలేదు. వధూవరులు విసుగెత్తి ఎవరికీ చెప్పకుండా అవతలి సర్వర్లో పోలీసు ఉద్యోగాలు చూసుకున్నారు. రేవువారు అడ్మినన్న పక్షపాతి అని చాటి, బండివారిని వెంటబెట్టుకుని వేరుకుంపటి పెట్టారు. కొత్త సర్వర్ నిబంధనావళి చూశాను. పాతదే, నేను దిద్దిన అచ్చులతో సహా. కొత్తగా చేరింది ఒక్క వాక్యం: ‘పాత సర్వర్ బిరుదులు ఇచ్చట చెల్లవు.’ అయితే వాళ్ల పెద్దదిక్కు రేవు పెదబాబు మర్యాద ఎరిగిన మనిషి. వెళ్తూ వెళ్తూ అడ్మినన్నకి తమ సర్వర్లో ‘మూలపురుష’ అనే గౌరవ బిరుదు ప్రకటించి, ఆహ్వానం పంపాడు.

కోటవారంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అన్న ఇప్పుడు వాళ్లని ఉతికి ఆరేస్తాడని కొందరు పాప్‌కార్న్ బొమ్మలు కూడా పెట్టారు. అడ్మినన్న ఆహ్వానం రెండుసార్లు చదివాడు. ఏదో టైప్ చేసి చెరిపాడు, మళ్లీ టైప్ చేశాడు.

‘వరసలో నా రోల్ పెదబాబు కంటే పైనా, కిందా? రంగు బంగారమేనా?’