నాకు సొంత డేటా లేదు

నేను డేటాబేస్‌ను కాను. నా దగ్గర ఒక్క టేబుల్ కూడా నిల్వ ఉండదు. ఎవరి డేటా వాళ్ల దగ్గరే ఉంటుంది. ప్రశ్న వచ్చినప్పుడు నేనే అక్కడికి వెళ్లి, చదివి, జవాబు చెబుతాను. ఎస్‌క్యూఎల్ క్వెరీ ఇంజిన్‌ని. పేరు ట్రినో.

2012లో ఫేస్‌బుక్‌లో మార్టిన్ ట్రావెర్సో, డేన్ సండ్‌స్ట్రోమ్, డేవిడ్ ఫిలిప్స్, ఎరిక్ హ్వాంగ్ నన్ను జావాలో రాయడం మొదలుపెట్టారు. అప్పుడు నా పేరు ప్రెస్టో. అక్కడి హడూప్ నిల్వలను ప్రశ్నించడానికి అంతకుముందే హైవ్ ఉంది. అది పనిని మ్యాప్‌రెడ్యూస్‌కు అప్పగించేది. మ్యాప్‌రెడ్యూస్ ప్రతి దశలోనూ మధ్యంతర ఫలితాలను డిస్కు మీద రాసి మళ్లీ చదివేది. నమ్మదగిన పద్ధతే, కానీ నిదానం. జవాబు ఆలస్యమైతే దాన్ని చూశాక పుట్టాల్సిన రెండో ప్రశ్న పుట్టనే పుట్టదు. నేను ఆ రెండో ప్రశ్న కోసం పుట్టాను.

ఆర్డర్లు అమెజాన్ క్లౌడ్ నిల్వ ఎస్3లో పార్కే ఫైళ్లుగా, ఖాతాదారుల వివరాలు పోస్ట్‌గ్రెస్‌లో ఉన్నాయనుకోండి. ఫలానా ఊరివాళ్లు ఎంత కొన్నారని ఎవరో అడిగారు. నా కోఆర్డినేటర్ ప్లాన్ వేసి, ఫైళ్లను స్ప్లిట్లుగా విడగొట్టి వర్కర్లకు పంచుతుంది. ఊరి పేరుతో వడకట్టే పని పోస్ట్‌గ్రెస్‌కే వదిలేస్తాను. కావలసిన వరుసలే వస్తాయి. వాటితో మెమరీలో హ్యాష్ టేబుల్ కడతాను. దాంతో ఏయే ఖాతాదారుల ఐడీలు కావాలో తెలిసిపోతుంది. పార్కేలో ప్రతి రో గ్రూపుకూ కనిష్ఠ, గరిష్ఠ విలువలు రాసి ఉంటాయి. నా ఐడీలు ఆ హద్దుల్లో లేకపోతే ఆ భాగం జోలికే వెళ్లను. చదవనక్కర్లేనిది చదవకపోవడమే నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

2013 నవంబరులో అపాచీ లైసెన్సు కింద నా కోడ్ అందరిదైంది. ఒక్క సంస్థలోనే ఉండిపోతే ఆ సంస్థ అవసరాల మేరకే ఎదిగేదాన్ని. బయటికి వచ్చాక కసాండ్రాకు, కాఫ్కాకు, ఎలాస్టిక్‌సెర్చ్‌కు కనెక్టర్లు అమిరాయి. అమెజాన్ 2016లో అథీనాను నా ఆధారంగానే కట్టింది. 2019లో నా కోడ్ రెండు పాయలైంది. ఒకటి ప్రెస్టోగానే లైనక్స్ ఫౌండేషన్ నీడన సాగుతోంది. రెండో పాయ నేను; 2020 డిసెంబరులో ట్రినోనయ్యాను.

వేగం కోసం అన్నీ మెమరీలోనే నడిపాను కాబట్టి, మధ్యలో ఒక్క వర్కర్ పడిపోయినా క్వెరీ మొత్తం పోయేది. క్షణాల్లో తేలే ప్రశ్నైతే మళ్లీ అడగొచ్చు. డేటాను ఒకచోటి నుంచి తీసి, మార్చి, మరోచోట నింపుతూ గంటల తరబడి నడిచే ఈటీఎల్ పనికి అది కుదరదు. 2022లో టార్డిగ్రేడ్ అనే ప్రాజెక్టుతో దారి దొరికింది: మధ్యంతర ఫలితాలను ఎస్3 లాంటి చోట దాచి, చెడిన టాస్కును మాత్రమే మళ్లీ నడపడం. దాచడానికి కొంత సమయం పడుతుంది, అందుకే అందరి మీదా రుద్దలేదు. పగటి డ్యాష్‌బోర్డులకు పాత పద్ధతే మేలు. రాత్రి ఈటీఎల్‌కు వేరే క్లస్టర్ పెట్టుకుని, అందులో రిట్రై పాలసీని టాస్క్‌గా మార్చి, ఎక్స్ఛేంజ్ మేనేజర్‌కు దాచుకునే చోటు చూపిస్తే చాలు, తెల్లారేదాకా నడుపుతాను.