బ్యాంకు లాంటిదేరా అన్నాను

జూలూరుపాడు సెంటర్లో నాది ఆన్‌లైన్ పనుల దుకాణం. పహాణీ నకలు, పీఎం కిసాన్, కులం సర్టిఫికెట్ ఏదైనా సరే, చుట్టుపక్కల తండాల వాళ్లు, గూడేల వాళ్లు నా దగ్గరికొస్తారు. కాగితం నా చేతిలో పెట్టి, నేను చదివి చెప్పింది నమ్మి వేలిముద్ర వేస్తారు. చదివి చెప్పడమే నా బతుకుతెరువు. అలాంటివాణ్ని నా డబ్బూ, తమ్ముడి వరసయ్యే మా పిన్ని కొడుకు మిర్చి డబ్బూ పెట్టిన క్రిప్టో యాప్‌లో షరతుల పేజీ ఒక్కసారి కూడా తెరవలేదు. దీనికి నా దగ్గర సాకు లేదు.

2021 చివర్లో క్రికెట్ మ్యాచ్ పెడితే చాలు, ఓవర్ ఓవర్‌కీ క్రిప్టో ప్రకటనలే. ఆ అక్టోబరులో షీబా ఇను అనే కాయిన్ ఆకాశానికెక్కింది. ఒక్కోటి పైసాలోపే దొరుకుతుంది కాబట్టి కొద్ది డబ్బుకే లక్షల కాయిన్లు మన ఖాతాలో కనిపిస్తాయి. ఆ అంకెలకే నేను పడిపోయాను. తమ్ముడికీ ఫోన్లో నేనే యాప్ వేసిచ్చాను. వాడు అడిగింది ఒక్కటే: "అన్నా, పైసలు యాడికీ పోవు గదా?"

"బ్యాంకు లాంటిదేరా" అన్నాను.

ఆ మాట ఎంత తప్పో అప్పుడే తెలుసుకునే వీలు నాకుంది. బ్యాంకు మునిగితే డిపాజిట్‌దారుడికి ఐదు లక్షల దాకా బీమా ఉంటుంది. క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే ఎక్స్ఛేంజీకి ఆ రక్షణ లేదు. ఇలాంటి కరెన్సీలు హ్యాకింగ్ వల్ల, పాస్‌వర్డ్ పోవడం వల్ల పోగొట్టుకునే ప్రమాదం ఉందని రిజర్వ్ బ్యాంకు 2013 డిసెంబరులోనే హెచ్చరించింది. సుమారు రెండు నెలలకే టోక్యోలో మౌంట్ గాక్స్ కూలింది. 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనపడటం లేదని ఆ ఎక్స్ఛేంజీ చెప్పింది. తర్వాత రెండు లక్షలు దొరికాయి గానీ, బాధితుల చేతికి కాయిన్లు రావడం మొదలైంది 2024లో. పదేళ్లు! ఈ చివరిది తప్ప మిగతాదంతా అప్పుడే నా చేతిలోని ఫోన్లో ఉంది.

ఆ చలికాలమే మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది. ఖమ్మం చుట్టుపక్కల మిర్చి రైతుకు అదెంత దెబ్బో చెప్పనక్కర్లేదు. తమ్ముడి చేను పూత దశలోనే ముడుచుకుపోయింది. మందులకు డబ్బు కావాలని కాయిన్లు అమ్మబోతే అప్పటికే ధర సగానికి పైగా పడింది. ఆగరా, మళ్లీ పెరుగుతుందని చెప్పింది కూడా నేనే. వాడు ఆ మందుల డబ్బు బయట వడ్డీకి తెచ్చుకున్నాడు.

2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీలో దొంగతనం బయటపడింది. సుమారు 23 కోట్ల డాలర్లు, మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయలకు కాస్త అటూఇటూ. ఎక్కువగా పోయింది షీబా ఇనునే. మా డబ్బు అక్కడ లేదు, వేరేచోట ఉంది. అది నా తెలివి కాదు, మా ముందు కనిపించిన ప్రకటన వేరేది కావడమే. ఆ రాత్రి మొదటిసారి కూర్చుని దీని గురించి చదివాను.

వజీర్‌ఎక్స్ కాయిన్ల పెట్టెకు ఆరు తాళంచెవులు. ఐదు ఎక్స్ఛేంజీ మనుషుల దగ్గర, ఒకటి లిమినల్ అనే భద్రతా సంస్థ దగ్గర. ఎక్స్ఛేంజీ వాళ్లు ముగ్గురు, ఆపైన లిమినల్ ఒప్పుకుంటేనే డబ్బు కదలాలి. దొంగలు చెవులు ఎత్తుకుపోలేదు. తెరమీద కనిపించిన లావాదేవీ ఒకటి, సంతకం పడింది ఇంకోదానిమీద. ఆ సంతకాలతో పెట్టె అధికారమే చేతులు మారింది. తర్వాత తప్పు మాది కాదంటే మాది కాదని రెండు సంస్థలూ వాదించుకున్నాయి. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి. మరుసటి నెలలోనే మరో ఎక్స్ఛేంజీ బైబిట్‌లో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడా సంతకం పెట్టేవాళ్లకు తెర అబద్ధమే చూపించింది.

దొంగతనం కంటే ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఖమ్మం కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెడితే బస్తా మీద మన మార్కు ఉంటుంది, చేతిలో రసీదు ఉంటుంది. ఎక్స్ఛేంజీలో అందరి కాయిన్లూ ఒకే కుప్ప. మన ఫోన్లో కనిపించేది ఆ కుప్పలోంచి మనకు ఇంత బాకీ అని వాళ్ల ఖాతాలో రాసుకున్న అంకె మాత్రమే. అందుకే వజీర్‌ఎక్స్‌లో పోని కాయిన్ల వాళ్లూ నష్టంలో వాటా మోయాలన్నారు. విచారణ సింగపూర్ హైకోర్టులో. బాకీలు తీర్చే ఒక పథకాన్ని కోర్టు తోసిపుచ్చింది, మళ్లీ ఓటింగు పెట్టారు. 2025 అక్టోబరులో గానీ ఎక్స్ఛేంజీ తలుపు తెరుచుకోలేదు. అదే నెలలో మద్రాసు హైకోర్టు క్రిప్టో కూడా ఆస్తేనని చెప్పింది. మంచి తీర్పే. కానీ మా మండలంలో రైతు ఎవరు ఈ కోర్టుల చుట్టూ తిరగగలడు?

ఇదంతా చూశాక, మా కాయిన్లను తాళంచెవి మన దగ్గరే ఉండే సొంత వాలెట్‌కు మార్చేద్దామని యాప్ తెరిచాను. బయటికి పంపే మీట కోసం వెతికాను. లేదు. ఆ యాప్‌లో కొనొచ్చు, అమ్మొచ్చు; కాయిన్ బయటికి తీసుకెళ్లే వీలు మొదటినుంచీ లేదు. షరతుల్లో స్పష్టంగా రాసే ఉంది. ఇన్నేళ్లూ "మా కాయిన్లు" అన్నాను. ఒక్క కాయిన్ కూడా ఎన్నడూ మా చేతిలో లేదు.

సొంత వాలెట్ అయినా మా ఇళ్లలో సులువని అనను. దాని తాళంచెవిగా ఇచ్చే పన్నెండో ఇరవైనాలుగో పదాలు కాగితం మీద రాసి దాచాలి. చెదలు తిన్నా, ఎవరికైనా ఫొటో పంపినా అంతే, చెప్పుకోవడానికి ఏ ఆఫీసూ ఉండదు. మందుల డబ్బు, ఫీజుల డబ్బు అసలు ఇటువైపు రాకూడదు. ఇది తమ్ముడికి ఆరోజే చెప్పాల్సింది.

అన్నీ అమ్మేశాను. ఎక్కువ భాగం ధర దగ్గరే పోయింది. ఈ నష్టాన్ని ఇంకే ఆదాయంలోనూ సర్దుకోనివ్వదు చట్టం. తమ్ముడి ఇంటికెళ్లి, "నేను చదవకుండానే నీకు చెప్పానురా, వడ్డీ నేను కడతా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "వడ్డీ సంగతి తర్వాత. అమ్మినప్పుడు ఒక శాతం కోసుకున్నరు గదన్నా, అదన్నా తిరిగొస్తదా?" అని అడిగాడు.

వెంటనే వస్తుందనబోయి ఆగాను. వాడి పాన్ నంబరుతో పన్ను కోతల పట్టిక 26ఏఎస్ తెరిచి, ఆ ఒక శాతం టీడీఎస్ పడిందో లేదో వరుసలన్నీ చదివాను. పడింది. రిటర్న్ వేస్తే వస్తుందని అప్పుడు చెప్పాను.