నాకు ఎనిమిది, తమ్ముడికి మూడు

మొన్న సోఫాలోంచి లేస్తుంటే నా కుడి మోకాలు టప్పుమంది. నొప్పి లేదు, వాపు లేదు. ఎదురుగా లాప్‌టాప్ ముందేసుకు కూర్చున్న మా మనవడు తలెత్తకుండానే తీర్పిచ్చేశాడు: "తాతయ్యా, గుజ్జు అరిగిపోయింది. స్కాన్ తీయిద్దాం." వాడు చదివింది కంప్యూటర్లు. కానీ ఈ రోజుల్లో మోకాలి గుజ్జు గురించి తెలియనివాడు లేడు. పొద్దున్నే టీవీలో రాశిఫలాలు చెప్పేవాడు లేచి వెళ్లగానే గుజ్జు పొడి అమ్మేవాడొచ్చి కూర్చుంటాడు.

మా రోజుల్లో ఒంట్లో చప్పుడైతే ఎవరూ ఉలిక్కిపడేవాళ్లు కాదు. పెళ్లిలో బంతి భోజనాలు కాగానే, చాపల మీద మఠం వేసుక్కూర్చున్న వందమందీ ఒక్కసారి లేచేవాళ్లు. పందిరంతా పటపటలే! ఆ చప్పుడు విని, వడ్డించేవాళ్లు రెండో బంతికి విస్తళ్లు సర్దేవాళ్లు. ఇప్పుడు బఫే అట. పళ్లెం పట్టుకుని నిలబడి తింటున్నారు. మోకాలికి నోరు విప్పే అవకాశమే లేదు, పాపం.

అసలు ఆ చప్పుడుకి మా ఇంట్లో అర్థాలుండేవి. పేరంటం నుంచో తిరనాళ్ల నుంచో రాగానే నాయనమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టేది. రెండు చేతులతో మొహం నిమిరి, వేళ్లు తన కణతలకి ఆనించుకుని ఒక్క నొక్కు నొక్కేది. పటపటా మెటికలు విరిగేవి. ఎన్ని విరిగితే అంత దిష్టి తగిలినట్టు లెక్క. "అమ్మో, ఊరి కళ్లన్నీ నా తండ్రి మీదే" అనేది. పెద్దవాణ్ణి కదా, నేనే ముందు. నాకు ఎనిమిది విరిగేవి. వెంటనే నా వెనకున్న తమ్ముడికి తీస్తే మూడో, ఒక్కోసారి రెండో. వాడు మూతి ముడిచేవాడు. "నన్నెవరూ చూడలేదా?" అని ఒకసారి ఏడ్చాడు కూడా.

దీవెనకే కాదు, శాపనార్థాలకీ మెటికలే. నూతి దగ్గర చేద కోసం తగువొస్తే ఇద్దరు ఆడవాళ్లు చేతులు చాచి, మెటికలు విరిచి తిట్టుకునేవాళ్లు. మాటలు మరిచిపోయినా ఆ చప్పుడు నెల్లాళ్లు గుర్తుండేది. ఇక మేం పిల్లలం ఊరికే విరిస్తే మాత్రం అదే నాయనమ్మ, "ఇంటికి దరిద్రం" అని చెయ్యి మీద ఒకటి వేసేది. తనకో న్యాయం, మాకో న్యాయం!

సరే, మనవడి పోరు పడలేక ఒక పెద్దాసుపత్రికి వెళ్లాను. చెయ్యి వేసి చూడకుండానే చీటీ రాసిచ్చారు: ఎక్స్‌రే, రక్తపరీక్ష, స్కాన్. ఆ చీటీ జేబులో పెట్టుకుని మా వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మూడే అడిగాడు. నొప్పుందా? వాస్తోందా? మోకాలు మధ్యలో పట్టేసి కదలనంటోందా? మూడింటికీ లేదన్నాను. "అయితే చప్పుణ్ణి చప్పుడు చేసుకోనివ్వండి" అన్నాడు. మోకాలి దగ్గర స్నాయువు ఎముక మీదుగా జారి టక్కుమనొచ్చట. గరగరమంటూ దానికి నొప్పి కూడా తోడైతే మాత్రం అప్పుడు అరుగుదల సంగతి చూడాలట.

మరి మెటికలో? అక్కడే ఆయన నన్ను కూర్చోబెట్టాడు. కీలు చుట్టూ సంచిలాంటి పొర, అందులో తెల్లసొనలా జిగురు ద్రవం, ఆ ద్రవంలో కరిగిన వాయువులు. వేలు లాగగానే ఎముకలు విడివడి లోపల ఒత్తిడి ఠక్కున పడిపోతుంది. గోలీ నొక్కిన సోడాలో లాగే బుడగ పుడుతుంది. 1947లో లండన్‌లో రోస్టన్, హెయిన్స్ అనే ఇద్దరు ఎక్స్‌రేలు తీసి ఆ బుడగ ఖాళీని చూసి, అది పుట్టినప్పుడే చప్పుడన్నారు. 1971లో లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు, అది కాదు, బుడగ కూలితేనే చప్పుడన్నారు. 2015లో కెనడాలో ఎమ్మారై యంత్రంలో చెయ్యి పెట్టించి వేళ్లు లాగి చూస్తే, చప్పుడయ్యాక కూడా బుడగ అలాగే ఉంది! 2018లో ఫ్రాన్స్‌లో లెక్కలు వేసి, బుడగ కొంత కూలినా అంత చప్పుడూ వస్తుందన్నారు. డెబ్బై ఏళ్లుగా వేళ్లు లాగుతూనే ఉన్నారన్నమాట. మా నాయనమ్మ అయితే ఒక్క నొక్కుతో తేల్చేసేది.

అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టరు మాత్రం నాకు నచ్చాడు. మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని వాళ్లమ్మా, అత్తగారూ బెదిరించారట. ఆయన ఎడమచేతి మెటికలు రోజుకి రెండుసార్లైనా చొప్పున అరవై ఏళ్లు విరిచి, కుడిచేతివి వదిలేశాడు. చివరికి ఏ చేతికీ వాతం రాలేదు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. పెద్దల మాట తప్పని నిరూపించడానికి అరవై ఏళ్లు ఓపిక పట్టేవాడు ఇప్పుడేడీ? ఇప్పటివాళ్లు అరవై సెకన్ల వీడియో కూడా చివరిదాకా చూడరు.

పాతదంతా మంచిదని నేననను. క్షవరం అయ్యాక గడ్డం పట్టుకుని మెడ పటుక్కుమనిపించేవాళ్లు మా ఊళ్లో. హాయిగానే ఉండేది. కానీ మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయని డాక్టరు చెప్పాక, తలుచుకుంటే ఇప్పుడు మెడ జలదరిస్తుంది.

లేవబోతుంటే డాక్టరు ఇంకో మాట అన్నాడు. ఒకసారి విరిచిన మెటిక మళ్లీ విరగాలంటే దాదాపు 20 నిమిషాలు పడుతుందట. అప్పటిదాకా ఎంత నొక్కినా పలకదు. నేను మళ్లీ కూర్చుండిపోయాను.

ఇంటికి రాగానే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికిప్పుడు డెబ్బై ఒకటి. బుడగ సంగతీ, 20 నిమిషాల సంగతీ అంతా చెప్పాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"ఆగి తియ్యమని అప్పుడే అడగాల్సింది అన్నయ్యా" అన్నాడు.