స్లాట్ బాబాయి

సికింద్రాబాద్‌లో రైల్వే వాళ్ల మధ్య పెరిగినవాళ్లకి ఈ బాబాయి ఏదో ఒక రూపంలో తెలిసే ఉంటాడు. లాలాగూడ వర్క్‌షాపులో రైలుపెట్టెలు విప్పీ బిగించీ రిటైరయ్యుంటాడు. ఇల్లు మెట్టుగూడలోనో, సీతాఫల్‌మండిలోనో. కొత్త సామానొస్తే అందరూ పైన చూస్తారు. ఆయన తిరగేసి అడుగున స్క్రూలు లెక్కపెడతాడు.

లాప్‌టాప్ విషయంలో ఆయనకో పద్ధతుంది. 4 జీబీ ర్యామ్‌దే చవగ్గా కొనాలి. ఏడాదాగి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే మన సీటీసీకి, వెళ్లి నాలుగు కొట్లు బేరమాడి ఇంకో 4 జీబీ వేయించాలి. పై ఏడు హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ. నడుమ ఇరానీ చాయ్. ఈ ఖర్చుకి కొత్తదే వచ్చేదని పిన్ని ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆ కాగితం వెనక ఆయన ర్యామ్ రేట్లు రాసుకున్నాడు.

మొన్న మనవరాలు సన్నపాటి లాప్‌టాప్ ఆన్‌లైన్లో తెప్పించింది. 8 జీబీయే. బాబాయి మొహం వెలిగిపోయింది. సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. సీటీసీ కుర్రాడు మూత తీసి, చూసి, మళ్లీ మూసేశాడు.

"స్లాట్ లేదంకుల్. ఆన్‌బోర్డ్. బోర్డుకే సోల్డర్ చేసిండ్రు."

"అయితే ఊడదియ్యవయ్యా! మేం పెట్టెల కింద చక్రాలే ఊడదీశాం."

"చక్రం మళ్ల పెట్టొచ్చంకుల్. ఇది తీస్తే వారంటీ పోతది, ఒక్కోసారి బోర్డే పోతది."

కుర్రాడు ఓపిగ్గా విడమర్చాడు. ఇలాంటి సన్నపాటి వాటిలో వేసే ఎల్‌పీడీడీఆర్ మెమరీకి కరెంటు తక్కువ చాలు గానీ ప్రాసెసర్‌ని అంటిపెట్టుకుని ఉండాలి. మామూలు స్లాట్ పెడితే దూరం పెరుగుతుంది, లాప్‌టాప్ లావెక్కుతుంది. ఆపిల్ 2012లోనే రెటీనా మాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ని బోర్డుకి అతికించేసింది; 2020లో ఎం1తో ప్రాసెసర్ ప్యాకేజీలోకే చేర్చింది. అంతా విని బాబాయి తేల్చిన కారణం వేరు: "రేపు కావాల్సింది కూడా ఇవాళే, వాళ్ల రేటుకే కొనమంటున్నారు." ఈ ఒక్క విషయంలో నేను బాబాయి పక్షమే.

కేంద్రం 2022 డిసెంబర్ 24న రిపేర్ హక్కు పోర్టల్ తెరిచిందని మనవరాలు చెబితే పొంగిపోయి వెతికించాడు. అప్‌గ్రేడ్ ఊసు కనబడలేదు. "చెడిపోయింది బాగుచేసుకునే హక్కట! బాగున్నదాన్ని బాగుచేసుకునే హక్కేదీ?" అన్నాడు. పిన్ని ఏదో అనబోయి ఊరుకుంది.

స్క్రూలతో బిగించే కామ్2 అనే మెమరీని జెడెక్ సంస్థ 2023 డిసెంబర్లో ప్రమాణంగా ప్రకటించిందని సీటీసీ కుర్రాడు ఓదార్చాడు. బాబాయికి అందులో వినబడింది ఒకటే మాట.

"ఎన్ని స్క్రూలు?"

ఇప్పుడు ఎవరు లాప్‌టాప్ కొంటున్నా 32 జీబీకి తగ్గొద్దంటున్నాడు. పిన్ని ఆవకాయ వీడియోలు చూడ్డానికి కూడా 32. చేతులు మాత్రం ఊరుకోవు కదా. రాణిగంజ్ నుంచి పెద్ద మోటారు తెచ్చి పాత కూలర్‌కి బిగించాడు. కిటికీ అవతల పిన్ని ఆరబెట్టుకున్న వడియాలు పక్కింటివాళ్లు గిన్నెలో వేసి తెచ్చిచ్చారు.