లేపించిన థార్‌కు లఘుటీక

మూలము: "మూడించులు లేపించా బాసూ! ఇక రోడ్డుతో పనేముంది?"

టీక: బాసూ = సంబోధనము, సులభము. లేపించా = ప్రేరణార్థకము; లేపినవాడు మెకానిక్కు, డబ్బు కట్టినవాడు తండ్రి, చెప్పుకొనువాడు వీడు. రోడ్డుతో = గచ్చిబౌలి నుండి కొండాపూర్‌కు పోవు తారురోడ్డుతో.

విశేషము: ఎత్తు ప్రసక్తి వచ్చినది గనుక ద్రోణపర్వము తలపవలెను. ధర్మరాజు రథము నేలకు నాలుగంగుళములు పైన నడిచెడిది. ప్రాచీనుల అంగుళము వేలి వెడల్పు. నాలుగు వేళ్లు కలిపిన ఇంచుమించు మూడించులే! స్ప్రింగు లేదు, స్పేసరు లేదు, సత్యమే లిఫ్టుకిట్టు. అశ్వత్థాముని చావు బిగ్గరగాను, ఏనుగు ముచ్చట గొణుగుచును చెప్పినంతనే అది దిగిపోయినది. ఇచ్చట ఒక చిక్కున్నది. పైన నుండినది రథమని చెప్పిన వ్యాసుడు, నేల తాకినవి గుఱ్ఱములనెను. అనగా అవియు గాలిలోనే నడిచినవి. నడవక తప్పదు: రథమొక్కటే లేచినచో కాడి ఏటవాలై గుఱ్ఱముల మెడలు ఒరసికొనిపోవును. వ్యాసునికి తెలిసిన ఈ సంగతి షెడ్డువానికి తెలియదు.

అందుచేతనే థార్ ముందు డ్రైవ్‌షాఫ్టుల కోణము పెరిగి, రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు కక్కును. మలుపులో బండి తూలును. 2020 మోడలుకు కంపెనీయే 226 మిల్లీమీటర్ల ఎత్తు ఇచ్చినది. అది చాలలేదు కాబోలు. పోనీ, రాళ్లదారిన పోవువానికి లాభము లేకపోలేదు: బంపరు తగలదు, పొట్ట తగలదు, పెద్ద టైర్లు పట్టును. కాని వెనుక ఇరుసు నడుమ గుండులా వ్రేలాడు డిఫరెన్షియల్ ఉన్నదే, అది స్ప్రింగులకు కిందిది. స్ప్రింగులెంత పెంచినను అది వెంట్రుకవాసి లేవదు. రాయి తగిలేది మాత్రం దానికే. దానిని లేపునవి పెద్ద టైర్లే. అవి వేసిన బ్రేకులకు పని పెరుగును, స్పీడోమీటరు వేగము తక్కువ చెప్పును. అది చలాను పడిన నాడు తెలియును.

తాత్పర్యము: ఇంత చేసి వీడు వెళ్లేది బిర్యానీకి. వాళ్ల నానమ్మ బండెక్కాలంటే ప్లాస్టిక్ స్టూలు వేయాలి. స్టూలు ఒకరు పట్టుకోవాలి, ఆమెను ఇంకొకరు. అదీ వాళ్లింటి గొడవే అనుకుందాం. రాత్రి ఎదురుగా స్కూటర్ మీద వచ్చేవాడి సంగతేమిటి? బండి ముక్కుతో పాటు హెడ్‌లైట్లూ లేచి సూటిగా కళ్లలో కొడుతున్నాయి. గుంత కనబడదు, డివైడరు కనబడదు. బండిని దించమని అడగను. లేపించిన షెడ్డుకే మళ్లీ పోయి, ఆ లైట్ల చూపు కాస్త కిందికి దింపించు నాయనా.