రాటర్‌డామ్‌కు మిర్చి పంపేవారికి సలహాలు

గుంటూరు యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరుగుతూ, కాయను చేత్తో నలిపి అది తేజా రకమో కాదో చెప్పగల మనిషికి ఎగుమతి ఒక లెక్కా? చెన్నైలో ఓడ ఎక్కించడం, రాటర్‌డామ్‌లో దించడం, మధ్యలో డాలర్లు లెక్కపెట్టుకోవడం. శిక్షణ తరగతులనీ, నిబంధనలనీ బెదరగొట్టేవాళ్లంతా పోటీ పెరగకూడదని అలా అంటారు. వాళ్లను వదిలేసి ఈ సలహాలు పాటించండి. మొదటి కంటైనర్‌తోనే మీ పేరు ఐరోపాలో ఇరవై ఏడు దేశాల అధికారులకూ తెలిసిపోతుంది.

పని కల్లంలోనే మొదలుపెట్టాలి. బాగా ఎండిన కాయ గలగలమంటుంది. బస్తాలో తొక్కితే పగిలి గింజ రాలుతుంది, పైగా తేలిగ్గా తూగుతుంది. ఇంత నష్టం ఎందుకు? తొక్కించే ముందు రోజు సాయంత్రం రాశి మీద నాలుగు బిందెల నీళ్లు చల్లించండి. తెల్లారేసరికి కాయ మెత్తబడుతుంది, టిక్కీ బరువెక్కుతుంది, నీళ్లను మిర్చి ధరకు అమ్మిన ఘనత మీకు దక్కుతుంది. తేమ 10, 11 శాతం దాటితే ఆస్పర్జిల్లస్ జాతి బూజు పడుతుందనీ, అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుందనీ, ఆ విషం మామూలు వంట వేడికి పోదనీ ఎవరో ఒకరు మొదలుపెడతారు. వినకండి. ఐరోపావాళ్లు ఎండుమిర్చిలో ఒప్పుకునే హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం ఒక్కటే అయితే 5. అంటే టన్ను మిర్చిలో 10 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు అంతకు ఎన్నో రెట్లు తూగుతుంది. అంత చిన్నదాన్ని ఎవడు వెతుకుతాడు, మీ పిచ్చి గానీ!

వెతుకుతారని తేలినా దారి ఉంది. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. మిర్చి బయటి దేశాలకు వెళ్లాలంటే అఫ్లాటాక్సిన్‌కూ సుడాన్ రంగులకూ పరీక్ష తప్పనిసరి. దానికి ముందు మీరే ప్రైవేటుగా ఒక పరీక్ష చేయించుకుని ధైర్యం తెచ్చుకోండి. నమూనా మీరే ఏరండి. నిగనిగలాడే ఎర్ర కాయలు పైనుంచి తీయండి, తాలుకాయలు బస్తా అడుగున ఎలాగూ ఉంటాయి, వాటి జోలికి పోకండి. ఈ విషం లాటంతా సమంగా ఉండదు, ఒక బస్తాలో బొత్తిగా లేకుండా పక్క బస్తాలో గుట్టగా ఉంటుంది. అందుకే ఐరోపావాళ్లు పెద్ద లాటయితే వంద చోట్ల వరకు గుప్పెడు గుప్పెడు తీసి, కలిపి, మరపట్టి చూస్తారు. ఇంత ఓపిక ఉన్నవాళ్లు మన దగ్గర పుట్టి ఉంటే వ్యవసాయం చేసేవాళ్లు.

కారప్పొడి పంపేవారికి ఇంకో సదుపాయం ఉంది. సరుకు వెలిసిపోతే రంగు కలపొచ్చు. సుడాన్-1 బూట్ల పాలిష్‌కూ మైనానికీ వాడే రంగే కావచ్చు, కళకళలాడటం మాత్రం నిజం. 2003లో ఫ్రాన్స్‌లో మన కారంలో అది బయటపడింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో దొరికితే, అది కలిసిన వందలకొద్దీ తయారీ వంటకాలను దుకాణాల అరల నుంచి తీసేశారు. అంతకు రెండు మూడేళ్ల ముందు భారత్ నుంచి వెళ్లిన కారం అది. చూశారా, మన సరుకు ఎన్ని వంటిళ్లదాకా చేరిందో! ఆ దెబ్బతోనే మన మిర్చి మీద అదనపు నిఘా మొదలైందని గొణిగేవాళ్లకు దేశభక్తి తక్కువ.

కంటైనర్ విషయంలో పొదుపు ముఖ్యం. డిపోలో ఉన్నవాటిలో పాతది అడగండి. లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుని పైకి చూడండి. అక్కడక్కడా వెలుతురు చుక్కలు కనిపిస్తే అది గాలాడే కంటైనర్ అన్నమాట, వెంటనే ఖాయం చేసుకోండి. చెన్నై ఉక్కలో మూసిన పెట్టె ఐరోపా చలిలోకి వెళ్లేసరికి, సరుకులోని తేమ ఆవిరై పైకప్పుకు తగిలి చుక్కలుగా బస్తాల మీద రాలుతుంది. షిప్పింగువాళ్లు దాన్ని కంటైనర్ వాన అంటారు. తేమ పీల్చే సంచులు వేలాడదీయమనీ, పైన అట్టలు పరవమనీ చెబుతారు. వాన పడితే మంచిదే కదా, పైన చెప్పిన నాలుగు బిందెలకు అది తోడవుతుంది. చెక్క ప్యాలెట్లు ఊళ్లో వడ్రంగి చేత కొట్టించండి. 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, గోధుమ కంకి ముద్ర వేసిన చెక్కే కావాలట. పురుగులు వస్తాయట. మిర్చి ఘాటుకు ఏ పురుగు బతుకుతుంది?

2016 జూలై 1 నుంచి నింపిన కంటైనర్‌ను తూచి, ఆ బరువు రాసివ్వందే ఓడ ఎక్కించరు. ఉజ్జాయింపుగా రాసేయండి.

ఇక కాగితాలు. అసలు తెలివితేటలన్నీ ఇక్కడే చూపించాలి. కొనేవాడు బ్యాంకులో ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) తెరిచాడంటే డబ్బు వచ్చేసినట్టేనని సంబరపడి, ఆ ఎల్‌సీని చదవకుండా బీరువాలో పెట్టండి. ఆ షరతులు పూజారి చదివే మంత్రాల్లాంటివి, అర్థం తెలియకపోయినా ఫలితం దక్కుతుంది. తర్వాత ఇన్‌వాయిస్‌లో ఒక బరువు, ప్యాకింగ్ లిస్టులో ఇంకో బరువు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో మూడోది పడేటట్టు చూసుకోండి. ముగ్గురు గుమాస్తాలు విడివిడిగా టైప్ చేస్తే ఇది దానంతటదే జరుగుతుంది. బ్యాంకులకు మిర్చితో పని లేదు. యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమావళి ప్రకారం వాళ్లు చూసేది కాగితాలనే గానీ సరుకును కాదు. మీ మిర్చి ఎంత మేలైనదైనా కాగితం తేడాగా ఉంటే తిప్పికొట్టవచ్చు, అప్పుడు కొనేవాడు ఫోన్ చేసి, “మార్కెట్ పడిపోయింది, పదిహేను శాతం తగ్గిస్తే ఆ తేడాలు ఒప్పుకుంటాను” అంటాడు. బేరమాడటం మనకు కొత్తా!

ఓడ కదిలిన 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకుకు ఇవ్వాలన్నది కూడా ఆ నియమావళిలోదే. మీరు ఇరవయ్యో రోజుదాకా ఆగండి, మంచి తిథి కూడా చూసుకోవచ్చు. ఈలోగా సరుకు రేవు చేరితే ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ లేదని అక్కడివాళ్లు కంటైనర్ ఇవ్వరు. ఉచితంగా ఉంచే కొద్ది రోజులూ అయిపోయాక డెమరేజ్ మీటర్ తిరుగుతుంది. దాన్ని గోడౌన్ అద్దె అనుకోండి, రాటర్‌డామ్‌లో గోడౌన్ ఉందని చెప్పుకోవచ్చు.

కస్టమ్స్ దగ్గర గుట్టు పాటించాలి. చెన్నైలో కంటైనర్ ఓడ ఎక్కకముందే, 24 గంటల ముందు, లోపల ఏముందో ఐరోపా కస్టమ్స్‌కు కంప్యూటర్‌లో తెలియజేయాలి. అంటే మనం నెల్లూరు దాటేసరికే వాళ్లు మన గురించి చదవడం మొదలుపెడతారు. అప్పుడు ‘జనరల్ కార్గో’ అని రాయించండి. ఎవరికీ ఏమీ తెలియదు. అలాంటి డొంకతిరుగుడు మాటలను వాళ్ల కంప్యూటర్ తిప్పి పంపుతుందనీ, ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ ఇవ్వక తప్పదనీ అంటే దానికీ మార్గం ఉంది. కాయకు 0904 21, పొడికి 0904 22. ఆ రోజు ఏది తక్కువ సుంకంలో ఉంటే అది వేయించండి. బస్తాలో కాయ ఉన్నా కాగితం మీద అది పొడి కావచ్చు. తలుపు తెరిచినప్పుడు ఆఫీసరు కళ్లు మసకగా ఉండాలని మొక్కుకోండి.

ఇన్‌వాయిస్ విలువ సగం చేసి రాయమని కొనేవాడు అడిగితే కాదనకండి. అతనికి సుంకం తగ్గుతుంది, మీకు మొహమాటం తీరుతుంది. ఇక్కడ రిజర్వ్ బ్యాంకు లెక్కలో మీ షిప్పింగ్ బిల్లు మీద రావలసిన డాలర్లు ఎన్నో నమోదై ఉంటాయి, మిగతా సగం ఏ దారిన వచ్చిందని ఎవరైనా అడిగితే అప్పుడు ఆలోచించవచ్చు.

ధర చెప్పేటప్పుడు ఎప్పుడూ డీడీపీకి ఒప్పుకోండి. మిగతా పది ఇన్‌కోటర్మ్స్‌లో బాధ్యత ఎక్కడో ఒకచోట కొనేవాడికి మారిపోతుంది, అందులో మర్యాద ఏముంది? డీడీపీలో అక్కడి సుంకాలూ పన్నులూ క్లియరెన్సూ అన్నీ మీవే. ఐరోపాలో దిగుమతి డిక్లరేషన్ ఇవ్వాల్సింది అక్కడ స్థిరపడిన సంస్థ. తమ పేరు మీద మీ సరుకు భారం నెత్తినేసుకునే ప్రతినిధి కావాలి. అటువంటివాణ్ణి ఓడ బయల్దేరాక తీరిగ్గా వెతకండి. అదనపు తనిఖీ ఉన్న సరుకుకు అది చేరడానికి కనీసం ఒక పనిదినం ముందు ట్రేసెస్ అనే వ్యవస్థలో తెలియజేయాల్సింది కూడా ఆయనే. ఆయన ఇంకా దొరకలేదు కాబట్టి ఆ బెడదా లేదు.

బీమా దండగ. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ ఓడ సూయెజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుంది. ఆరు రోజులకు బయటపడ్డా, జూలై దాకా ఈజిప్టువాళ్లు కదలనివ్వలేదు. అందులో దాదాపు 18 వేల కంటైనర్లు. ఓడ యజమాని ‘జనరల్ యావరేజ్’ ప్రకటించాడు. అంటే ఓడను కాపాడటానికి అయిన ఖర్చును సరుకు యజమానులంతా పంచుకోవాలి. మీ సరుకు చెక్కుచెదరకపోయినా సరే. బీమా ఉంటే ఆ పూచీ బీమా కంపెనీ రాసిస్తుంది. లేకపోతే నగదు డిపాజిట్ కట్టి సరుకు విడిపించుకోవాలి. బీమా కట్టినవాళ్లకు ఈ అనుభవం దక్కలేదు పాపం. తర్వాత ఎర్ర సముద్రంలో గొడవల వల్ల 2023 చివరి నుంచి ఎన్నో ఓడలు గుడ్ హోప్ అగ్రం చుట్టి పోయాయి. ప్రయాణం దాదాపు రెండు వారాలు పెరిగింది. తడి మిర్చికి ఆ విశ్రాంతి బాగా పనిచేస్తుంది. కొనేవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఈసీజీసీ పాలసీ కూడా వద్దు. మనిషిని అనుమానించినట్టు ఉంటుంది.

రాటర్‌డామ్‌లో నమూనా తప్పిందని కబురొస్తే దిగులు పడకండి. ఆవకాయ జాడీ ఒకటి ఆఫీసరుగారికి పంపి చూడండి. దాన్నీ పట్టుకెళ్లి పరీక్షకు ఇస్తారు, అది వేరే సంగతి. సరుకును వెనక్కి పంపడమో, నాశనం చేయడమో తేల్చుకోమంటారు. వెనక్కి పంపడానికి మామూలుగా 60 రోజులు గడువు. ఆ 60 రోజులూ డెమరేజ్ తిరుగుతూనే ఉంటుంది గనక, కొనేవాడితో, ఏజెంటుతో, ఓడ కంపెనీతో తప్పు ఎవరిదో తేలేదాకా ఉత్తరాలు రాస్తూ కూర్చోండి. ఈలోగా అదే సరుకును చడీచప్పుడు లేకుండా యాంట్‌వెర్ప్‌కో హాంబర్గ్‌కో తిప్పుదామనిపిస్తుంది. తిప్పండి. అయితే రాటర్‌డామ్‌లో రాసిన ఆ మాట రాస్ఫ్ అనే హెచ్చరిక వ్యవస్థలో అన్ని రేవుల వాళ్లకూ అప్పటికే కనిపిస్తూ ఉంటుంది. తేదీ, సరుకు, దేశం, పట్టుబడిన విషం ఎంతో అన్నీ ఉంటాయి.

అప్పుడు కూడా వ్యాపారం ఆపనక్కర్లేదు. బామ్మర్ది పేరున కొత్త సంస్థ పెట్టించి, కొత్త ఎగుమతి కోడ్ (ఐఈసీ), స్పైసెస్ బోర్డు దగ్గర కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోండి. మిగిలిన తాలుకాయలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి కదా, వాటితోనే మొదలుపెట్టించండి. సంస్థ పేరు బోర్డు మాత్రం సున్నంతో రాయించండి, తుడవడానికి వీలుగా ఉంటుంది.