నా షుగరు ఒకటో నంబరు!

షుగరొచ్చిన మగవాడికి నిజానికి రెండు జబ్బులు. ఒకటి షుగరు. రెండోది, షుగరు గురించి తనకి తెలిసినంత డాక్టర్లకి కూడా తెలీదన్న నమ్మకం. మొదటిదానికి మాత్రలున్నాయి. రెండోదానికి మందు లేదు. ఎప్పుడైనా నలుగురిలో పరువు పోతే కాస్త తగ్గుముఖం పడుతుంది. నాకలాగే తగ్గింది. పూర్తిగా తగ్గిందని మాత్రం ఒట్టు వెయ్యలేను.

రిపోర్టు చూసి మా డాక్టరుగారు "టైప్ 2" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏదో చెప్పారు, నేను వినలేదు. నా బుర్ర ఆ రెండు దగ్గరే ఆగిపోయింది. నేను కాకినాడ వాణ్ణి మరి! రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే వాయుగుండం ఎక్కడో దూరాన ఉందని, నంబరు పెరిగేకొద్దీ గండం పెరుగుతోందని, పదో నంబరంటే ఇక దేవుడే దిక్కని వింటూ పెరిగినవాణ్ణి. ఆ లెక్కే షుగరుకీ వేసేశాను. టైప్ 1 అంటే లేత, టైప్ 2 అంటే ముదురు. అంటే నాకు తెలీకుండానే ఒకటి దాటిపోయి రెండులో పడ్డానన్నమాట! "అయ్యో, మొదట్లోనే పట్టుకోలేకపోయామే" అని మా ఆవిడ దగ్గర వాపోతే, "మీరు మొదట్నుంచీ పట్టుకున్నది కాజాల పొట్లమేగా" అంది.

ఎలాగైనా ఒకటో నంబరుకి దిగాలని ఆ రోజే శపథం పట్టాను. పొద్దున్నే పార్కులో నడక, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి రెండు పుల్కాలు. నాతోపాటు ఇంటిల్లిపాదికీ శిక్ష వేశాను. మాత్ర కూడా మింగేవాణ్ణిలెండి, కానీ అది ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఘనతలో మాత్రకెందుకు వాటా ఇవ్వాలి? హెచ్‌బీఏ1సీ, అంటే మా పార్కు భాషలో మూడునెల్ల షుగరు, 8.7 నుంచి 6.6కి దిగింది. "బాగా కంట్రోల్లో ఉంది, ఇలాగే ఉంచండి" అన్నారు డాక్టరుగారు. నేను దాన్ని నాకు కావలసినట్టు అర్థం చేసుకుని, మర్నాడు పార్కులో ప్రకటించేశాను: "మనది ఇప్పుడు టైప్ 1."

ఒక్కరైనా నవ్వారా? లేదు. ఎలా దించావు గురువా అని చుట్టూ మూగారు. వాళ్ళలో సగంమంది "బోర్డర్" వాళ్ళు. మన దేశంలో ఎవరికీ షుగరుండదు కదా, అందరికీ బోర్డరే! ఐసీఎంఆర్ వాళ్ళు 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు, నిజంగా బోర్డర్లో ఉన్నవాళ్ళు ఇంకో 13.6 కోట్లు. మా పార్కులో అడిగితే మొదటి లెక్కలోకి వచ్చేవాడు ఒక్కడూ దొరకడు. ఆ ఊపులో నా పదోన్నతికి తాపేశ్వరం కాజాలు పంచాను. షుగరు తగ్గినందుకు షుగరోళ్ళకి కాజాలు! నేనూ రెండు తిన్నాను. ఒకటో నంబరువాణ్ణి, నాకేం భయం?

ఇక్కడిదాకా మీరు నన్ను క్షమించేస్తారని తెలుసు. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. అసలు కథ రాజమండ్రిలో, మా మేనకోడలి గృహప్రవేశంలో జరిగింది.

భోజనాల ముందు దాని కూతురు, పదేళ్ళ పిల్ల, ఓ మూలకెళ్ళి గౌను పక్కకి జరిపి పెన్నులాంటిదాన్ని పొట్టకి గుచ్చుకుంటోంది. ఏంటమ్మా అది అంటే, "ఇన్సులిన్, తాతయ్యా. నాకు టైప్ 1" అంది. తాతయ్య అన్నందుకు చురుక్కుమన్నా, రెండో మాటకి ప్రాణం లేచొచ్చింది. "ఓస్, అంతేనా! నాదీ ఒకటే" అని చెయ్యి కలిపాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగానా? మేనకోడల్ని పిలిచి, ఒకటో నంబరుకే ఇంజెక్షనేమిటే, నేను రెండులో ఉన్నప్పుడే మాత్రతో లాగించాను, చిన్నప్పుడు చాక్లెట్లు తెగ పెట్టుంటారు, ఇన్సులిన్ అలవాటైతే ఇక వదలదు, మెల్లగా మానిపించి పరగడుపున కాకరకాయ రసం పట్టు, అని పంక్తిలో అందరికీ వినపడేలా దంచేశాను. దాని అత్తగారు "నేనూ అదే మొత్తుకుంటున్నా అన్నయ్యగారూ" అని వంత పాడింది. మేనకోడలు ఒక్క మాటా అనలేదు. మొహం మాత్రం కందగడ్డయింది. నా జ్ఞానానికి నోట మాట రాలేదనుకున్నాను.

సాయంత్రం పిల్లలంతా మేడమీద పరుగులు తీస్తుంటే ఈ పిల్ల దిగొచ్చింది. నుదుటిమీద చెమట, చేతులు వణుకుతున్నాయి, సంచీలోంచి మామిడిరసం డబ్బా తీసి స్ట్రా గుచ్చబోతోంది. షుగరు పిల్ల! మామిడిరసం! ఒక్క గెంతులో వెళ్ళి లాగేసుకున్నాను. "తాతయ్యా, షుగరు పడిపోతోంది" అంటోంది. "పడిపోతే మంచిదేగా తల్లీ, అందరం ఏడ్చేది దానికోసమేగా!" అంటూ డబ్బా నెత్తికెత్తి పట్టుకున్నాను. మేనకోడలు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, డబ్బా నా చేతిలోంచి ఊడబెరికి, పిల్ల నోటికందించి, వేలు గుచ్చి మిషన్లో చూసింది. 54. డెబ్బైకి దిగువకొస్తే వెంటనే తీపి పడాలట, లేకపోతే పిల్ల స్పృహ తప్పిపోవచ్చట. పావుగంట ఆగి మళ్ళీ గుచ్చింది. 96. ఆ పావుగంటా ఇల్లంతా నన్నే చూసింది. పురోహితుడు కూడా దక్షిణ లెక్కపెట్టుకోవడం ఆపి చూశాడు.

తేరుకున్నాక ఆ పిల్లే నా పక్కన కూర్చుని పాఠం చెప్పింది. "నా ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు తాతయ్యా. మీ ఒంట్లో తయారవుతుంది, సరిగ్గా పనిచెయ్యదు. మీరు ఒకటికి రారు, నేను రెండుకి వెళ్ళను."

తర్వాత బుద్ధిగా చదువుకున్నాను. టైప్ 1లో మన రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది. చాక్లెట్లకీ దానికీ సంబంధం లేదు, తల్లి తప్పు అంతకన్నా లేదు. పిల్లలకే కాదు, ఏ వయసులోనైనా రావచ్చు. 1922 జనవరి 11న టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా ఈ జబ్బొచ్చిన పిల్లలు చిక్కి శల్యమై పోవడమే. అది చదివినప్పుడు కాకరకాయ రసం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. మెల్లగా మానిపించు అని నేను పంక్తిలో చెప్పింది, ఆ పిల్లని 1922కి ముందుకి పంపించెయ్యమనే!

నాదేమో టైప్ 2. అందులో మా నాన్నగారి వాటా ఉంది, నా కుర్చీ వాటా ఉంది, నా పొట్ట వాటా ఉంది. రేపు నాకూ ఇన్సులిన్ పడొచ్చు, అప్పుడైనా అది టైప్ 2నే. గర్భిణులకి వచ్చేదానికైతే అసలు నంబరే లేదు. మామూలుగా కాన్పుతో పోతుంది, కానీ తర్వాత టైప్ 2 వచ్చే అవకాశాన్ని పెంచి మరీ పోతుంది. 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య టైప్ 5ని కూడా గుర్తించింది. రేవు లెక్కన ఊరు ఖాళీ చెయ్యాల్సిన నంబరు! తీరా చూస్తే అది చిన్నప్పట్నుంచీ సరైన తిండి లేక బక్కచిక్కినవాళ్ళకి వచ్చేది. ఇవన్నీ వేరువేరు జబ్బుల పేర్లేగానీ ఒక జబ్బుకి మెట్లు కావు. పుట్టుకతో వచ్చే మేహం వేరు, తిండీ నడవడీ తప్పి వచ్చేది వేరు అని సుశ్రుతుడంతటివాడు ఏనాడో విడదీసి పెట్టాడు. నాకు పదేళ్ళ పిల్ల చెప్పాల్సివచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, మనకి రోగంలో కూడా ర్యాంకు కావాలి. మాత్రవాడు బోర్డరువాణ్ణి చూసి కుళ్ళుకుంటాడు, ఇన్సులిన్ వాణ్ణి చూసి జాలిపడతాడు. సూదిమందు అంటే పరీక్ష తప్పినట్టే మనకి. ఆ లెక్కల్లోనే పసిపిల్లని కూడా ముద్దాయిని చేసి నిలబెడతాం.

మేనకోడలికి ఫోన్ చేసి తప్పయిపోయిందన్నాను. "మీరొక్కరే కాదులే మావయ్యా, బస్సులో పక్క సీటావిడ కూడా అదే చెప్పింది. కాకపోతే ఆవిడ డబ్బా లాక్కోలేదు" అంది.

ప్రాయశ్చిత్తంగా పార్కులో నిజం ఒప్పుకుందామని గొంతు సవరించుకున్నాను. "నాది టైప్ 1 కాదండీ, టైప్ 2నే" అన్నాను. అందరి మొహాలూ వాడిపోయాయి. ఒకాయన నా భుజం తట్టి, "అయ్యో, మళ్ళీ పెరిగిపోయిందా? ఆ రోజు కాజాలు తినకుండా ఉండాల్సింది. బెంగపడకండి, మా పెరట్లో కాకరకాయలున్నాయి, రేపు తెస్తాను" అన్నాడు.

తెమ్మన్నాను. పులుసు పెట్టుకోవచ్చు.